తాడు ఎవరి చేతిలో ఉంది

నీళ్లడుగున కత్తి చేతికి దొరకదు. చెయ్యే కత్తికి దొరుకుతుంది. హెడ్ కానిస్టేబుల్ హరాధన్ బర్మన్ కుడిచేతి వేళ్ల మీద ఇరవై రెండేళ్ల ఉద్యోగం గీతలు గీతలుగా రాసి ఉంది. తొడుగులు వేసుకోవయ్యా మహానుభావా అని పైవాళ్లు ఎంత మొత్తుకున్నా వినడు. గంగ అడుగున వేళ్లే నా కళ్లు, వాటికి గంతలు కట్టుకుని దిగమంటారా అంటాడు.

ఆ ఉదయం పది గంటల పద్దెనిమిది నిమిషాలకు, శ్యామ్‌ఘాటా రేవుకు ఎదురుగా నది నడుమ, ఇరవై నాలుగు అడుగుల లోతున, అతని చూపుడువేలు చుర్రుమని తెగింది.

హరాధన్ కదలడం మానేశాడు. అక్కడ కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. ఎడమచేత్తో మెల్లగా తడిమాడు. ఇటు పిడి, అటు అలుగు. సన్నగా, పొడుగ్గా, జానెడున్నర ఉంది. అయితే అది దిగబడి ఉన్నది బురదలో కాదు, గడ్డిలో. జనపనార తాళ్లతో బిగించి కట్టిన వరిగడ్డి. వేళ్లు ఇంకాస్త ముందుకు పోయాయి. నడుము తగిలింది. భుజం తగిలింది. ఆ భుజం నుంచి ఒకటి కాదు, రెండు కాదు, వరసగా చేతులు.

"అమ్మా!" అన్నాడు, నోట్లో గొట్టం ఉన్న సంగతి మరిచిపోయి. బుడగలు బుడబుడమని పైకి పోయాయి.

దశమి నాడు నిమజ్జనం చేసిన దుర్గ. బోర్లా పడి ఉంది. మూడు రోజుల్లో మట్టీ రంగూ కరిగిపోయి లోపలి గడ్డిబొమ్మ మిగిలింది. కత్తి ఆ తల్లి వీపులో రెండో కట్టు కింద దూరి, మూడో కట్టు కింద కూడా దూరి, పిడి దాకా దిగి ఉంది. విసిరితే పడ్డ కత్తి అలా రెండు కట్ల కిందా వరసగా దూరదు. ఎవరో చేత్తో, ఒరలో పెట్టినట్టు తోస్తేనే దూరుతుంది. రెండు కట్ల మధ్య బయటపడ్డ అలుగే అతని వేలు కోసింది.

గట్టిగా పీకితే వచ్చింది. దానితోపాటు నాలుగు గడ్డిపరకలూ వచ్చాయి. నడుముకున్న తాడును మూడుసార్లు లాగాడు, దొరికిందని. పైనుంచి ఒక లాగు జవాబొచ్చింది. తాడు కానిస్టేబుల్ బిశు చేతిలో ఉంటే జవాబు రాకపోవడమంటూ ఉండదు.

పడవ ముసలి కేదార్ మాఝీది. తెడ్డుతోపాటు ఇంజనూ ఉన్న పెద్ద పడవ. వెనక చుక్కాని దగ్గర కేదార్, మధ్యలో అడ్డచెక్కకు బేడీలతో కట్టేసిన ముద్దాయి, ముందు అంచున తాడు పట్టుకుని బిశు, వాడి నెత్తిమీద నిలబడి ఇన్‌స్పెక్టర్ తమోనాశ్ లాహిరి. హరాధన్ తల నీళ్లపైకి రాగానే లాహిరి చెయ్యి చాచాడు. మనిషి కోసం కాదు, కత్తి కోసం.

"దొరికిందా! చెప్పానా లేదా? ఒక్క దిగుడులో తేల్చేశావు బర్మన్. పంచనామా రాయించేశాను, సంతకం కొట్టు."

కేసు చూడటానికి చిన్నదే. సప్తమి రాత్రి పదకొండు నలభైకి రాయ్‌వారి దుర్గా మండపంలో, సరిగ్గా విగ్రహం వెనక, ఆ ఇంటి చిన్నకొడుకు వకీలు ప్రియతోష్ రాయ్ చచ్చి పడి ఉన్నాడు. గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెగింది. రక్తం గోడంతా ఎగజిమ్మి అమ్మవారి సింహం తోక దాకా కారింది. బందోబస్తుకు అక్కడే ఉన్న లాహిరి శవాన్ని మొదట చూశాడు. అష్టమి తెల్లవారేసరికి గదాధర్ మాలాకార్‌ని పట్టుకున్నాడు. అమ్మవారికి జీలుగుబెండుతో కిరీటం, నగలు చేసినవాడు గదాధర్. బెండును కాగితమంత పలచగా చెక్కే కత్తి అతనిది. ఆ కత్తి కనిపించడం లేదు. శవం కుడిగుప్పిట్లో నాలుగు తెల్ల దారప్పోగులు దొరికాయి, బెండు నగలు గుచ్చేది తెల్లదారంతోనే గదా అని లాహిరి ఫైల్లో రాశాడు. సప్తమి అర్ధరాత్రే కత్తిని గంగలో విసిరేశానని ముద్దాయి ఒప్పుకున్నట్టు కూడా రాశాడు.

ఇక కావలసింది కత్తి ఒక్కటే. ముద్దాయి చూపించిన చోట అది దొరికితే గదాధర్ మెడకు ఉరి. దొరికిందని రాసి సంతకం పెట్టాల్సింది హరాధన్. అతని సంతకం ఉన్న పంచనామా ఇంతవరకు ఏ కోర్టులోనూ వీగిపోలేదు. ఆ పేరు చూసే లాహిరి అతన్ని కలకత్తా నుంచి పిలిపించాడు.

హరాధన్ కాగితం చదివాడు. 'నది అడుగున బురదలో' అని ఉంది.

"బురదలో కాదు సార్."

"మరి బుట్టలో దొరికిందా? నీళ్లకింద ఉండేది బురదే. పెట్టు సంతకం."

"ముద్దాయితో రెండు మాటలు మాట్లాడతాను."

"నువ్వా?" లాహిరి నవ్వాడు. "ఒరేయ్ బర్మన్, నువ్వు నీళ్లలో దేవులాడేవాడివి. దేవులాడు. బుర్ర పెట్టే పని నాది."

"బుర్ర ఒడ్డున పెట్టి దిగమంటే ఎలా సార్? అక్కడ నాకు తోడుండేది అదొక్కటే."

తడి ఓడుతూనే గదాధర్ ముందు కూర్చున్నాడు. ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. కింది పెదవి చీలింది. కుడిచేతి వేళ్లు నాలుగూ ఉబ్బి నల్లబడి తలో పక్కకు తిరిగి ఉన్నాయి. బెండు మీద మల్లెరేకు చెక్కే వేళ్లవి. వాటిని ఒక్కొక్కటిగా విరిచారని హరాధన్‌కి చూడగానే తెలిసింది.

"కత్తి నీదేనా తమ్ముడూ?"

"నాదే అన్నా. పిడికి నీలం గుడ్డ చుట్టింది మా ఆవిడే. సంచి మండపంలో వదిలి అన్నానికి వెళ్లాను. వచ్చేసరికి కత్తి లేదు, వకీలుబాబు లేడు."

"ఎక్కడ విసిరావు?"

గదాధర్ ఒంటికన్నుతో లాహిరి వైపు చూశాడు. "వీళ్లు ఎక్కడంటే అక్కడ."

లాహిరి బూటు ఆ విరిగిన వేళ్ల మీద పడింది. గదాధర్ పెట్టిన కేకకు రేవులో కాకులు లేచాయి. హరాధన్ బూటు కింద తన అరచెయ్యి దూర్చి పైకెత్తాడు.

"తీయండి సార్. నా ఎదుట వద్దు."

"నీ ఎదుట కాకపోతే ఠాణాలో."

"తమ్ముడూ, నిన్ను ఎప్పుడు పట్టుకెళ్లారు?" హరాధన్ గొంతు పెరగలేదు.

"అష్టమి పొద్దున. పుష్పాంజలి ఇంకా మొదలు కాలేదు."

"తర్వాత బయటికి వచ్చావా?"

"ఇవాళే రావడం. దశమి సాయంత్రం లాకప్పులో ఢాక్ డోళ్ల మోత వినపడింది. అమ్మ వెళ్లిపోతోందని ఏడ్చాను. ఏడ్చినందుకూ కొట్టారు."

బిశు మొహం తిప్పుకున్నాడు. హరాధన్ లేచి చుక్కాని వైపు తిరిగాడు.

"బాబాయ్, లంగరు ఇక్కడే ఎందుకు వేశావు? వీడు చూపించాడా?"

"వాడికి కళ్లు తెరుచుకుంటే గదా చూపించడానికి!" అన్నాడు కేదార్. ముసలాడికి మాట దాచడం రాదు. "బాబే చెప్పారు, దశమి నాడు అమ్మవారిని దింపిన చోటే ఆపమని. నాకు వేరే గుర్తెందుకు? ఏటేటా నా పడవా, మా తమ్ముడి పడవా పక్కపక్కన పెట్టి, అమ్మని వెదుళ్ల మీద నిలబెట్టి తెస్తాం. ఇక్కడికొచ్చాక రెండు పడవలూ విడిపోతాయి, అమ్మ మధ్యలోంచి దిగిపోతుంది. సరిగ్గా ఇక్కడే."

"ముద్దాయి ఈ చోటు నాకు ఠాణాలో చెప్పాడు," అన్నాడు లాహిరి.

"లాకప్పులో ఉన్నవాడికి పడవలు ఎక్కడ విడిపోయాయో ఎలా తెలిసింది సార్?" హరాధన్ కత్తి పిడికి చిక్కిన గడ్డిపరకలు పైకెత్తి చూపించాడు. "ఇది అమ్మవారి వీపులో ఉంది. రెండు కట్ల కింద దోపి ఉంది. అమ్మవారు నీళ్లలో దిగింది దశమి సాయంత్రం. వీడు లాకప్పులో దిగింది అష్టమి పొద్దున. సప్తమి రాత్రి గంగలో విసిరిన కత్తి దశమి దాకా ఇంట్లో పూజలందుకుంటున్న విగ్రహంలోకి ఎలా వెళ్లింది? ఈదుకుంటూ వెళ్లిందా?"

"ఆటుపోట్లకు కొట్టుకొచ్చి ఇరుక్కుంది."

"ఇనుము కొట్టుకు రాదు సార్. వచ్చినా ముళ్లు చూసుకుని దూరదు. చంపినవాడు అక్కడికక్కడే అమ్మవారి వీపులో దాచేశాడు. ముందువైపు అందరూ చూస్తారు, వెనక ఉత్త గడ్డి, ఎవరు చూస్తారు? బోధన పూజతో అమ్మవారిని మేల్కొల్పాక పూజారి తప్ప విగ్రహాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ లేదు. మూడు రోజులు హాయిగా ఉండిపోయింది."

"అయితే ఇంటివాళ్లే ఎవరో అయ్యుంటారు," అన్నాడు లాహిరి చప్పున. ఆ మాట మరీ తొందరగా వచ్చింది.

"ఇంటివాళ్లెలా అవుతారు బాబూ?" కేదార్ ఆశ్చర్యపోయాడు. "వాళ్లకి మైల గదా. చావైన క్షణం నుంచీ అమ్మ దరిదాపులకు రాలేదు పాపం. ఒడ్డు మీదే నిలబడి ఏడ్చారు. మోసింది బయటివాళ్లు ఎనిమిది మంది. వీపువైపు తమరే గదా పట్టుకున్నారు! నేను బ్రాహ్మణ్ణి, నాకు దోషం లేదు, వెనక నేనొక్కణ్ణే చాలు అన్నారు. ఎంత భక్తి అని ఊరంతా చెప్పుకుంది."



హరాధన్ లాహిరిని కింది నుంచి పై దాకా ఒకసారి చూశాడు. లాహిరి లాకప్పులో చచ్చిన ఒక జాలరి తరఫున కేసు వేసింది ప్రియతోషేనని కలకత్తాలోనే విన్నాడు. పండగ సెలవులు అయిపోగానే లాహిరి బోనెక్కాలి. అదీ తెలుసు. ఇప్పుడు కొత్తగా కంటబడింది ఇంకొకటి. లాహిరి ఎడమభుజం నుంచి జేబులోకి వేలాడే తెల్లతాడు సరికొత్తగా ఉంది. జేబు మాత్రం పలచగా పడి ఉంది.

"నేను మళ్లీ దిగుతాను," అన్నాడు. "విగ్రహానికి తాడు కట్టి పైకి తెస్తాను. అది కోర్టులో నిలబడాలి."

"పోటు మొదలవుతుంది."

"పదకొండు పదికి గదా. ఇప్పుడు పదీ నలభై ఎనిమిది."

లాహిరి వాదిస్తాడనుకున్నాడు. వాదించలేదు. నుదుటి మీద చెమట తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు. "సరే దిగు. బిశు, నువ్వు వెనక కట్టిన చిన్నపడవ తీసుకుని కత్తి రేవులో సాక్షులకు చూపించి, వాళ్లని వెంటబెట్టుకురా."

"సార్, తాడు..." బిశు నసిగాడు.

"తాడు నేను పట్టుకుంటాను."

బిశు హరాధన్ మొహంలోకి చూశాడు. ఇన్‌స్పెక్టర్ ఆజ్ఞ. కాదంటే ఇక్కడే వాడి ఉద్యోగం పోతుంది, కత్తీ పోవచ్చు. వెళ్లమని హరాధన్ కళ్లతోనే చెప్పాడు. కత్తి లాహిరికి దూరంగా ఉండటమే మేలు. చిన్నపడవ కాస్త దూరం పోయాక లాహిరి సాక్షుల్ని పోగుచెయ్యమని రేవులో ఉన్న కానిస్టేబుళ్లను కేకేశాడు, చప్పట్లు కొట్టాడు. ఎవరికీ వినపడలేదు.

"మీ ఈల ఏమైంది బాబూ?" అన్నాడు కేదార్. "ఆ చిల్లుపడ్డ మోత వింటే చాలు, ఊళ్లో తలుపులన్నీ మూసుకునేవి గదా!"

"పండగ రద్దీలో ఎక్కడో పోయింది. నోర్మూసుకుని చుక్కాని చూసుకో."

హరాధన్ విగ్రహానికి కట్టాల్సిన లావుతాడు ఒక కొస తనే తీసుకెళ్లి కేదార్ పక్కన ఉన్న గుంజకు బిగించాడు. భయం వేసింది. ఎందుకు వేయదు? తన ప్రాణం నిలిపే తాడును ఎవడి చేతిలో పెడుతున్నాడో తెలిసే పెడుతున్నాడు. దిగకపోతే ఈ సాయంత్రానికల్లా లాహిరి కొక్కేలు వేయించి ఆ గడ్డిని చిందరవందర చేస్తాడు. అప్పుడు గదాధర్ మెడా, బర్మన్ సంతకం, రెండూ లాహిరివే.

పదీ యాభై నాలుగుకు దిగాడు.

అమ్మవారు అక్కడే ఉంది. లావుతాడు నడుముకు రెండు చుట్లు తిప్పి ముడేశాడు. తర్వాత వేళ్లను మళ్లీ ఆ రెండో కట్టు కిందికి పంపాడు. కత్తి దూరిన సందులో, రెండు కణుపుల లోతున, చల్లగా గుండ్రంగా ఏదో తగిలింది. బొటనవేలంత గొట్టం. చివర రింగు, రింగుకు తెగిన తాడు ముక్క, పోగులు పోగులుగా. ఇత్తడి మీద పొడిచిన అంకెలు వేలికొసకు ఒక్కొక్కటీ తెలిశాయి. ఠాణా సామాను మీద కొట్టే నంబరు.

ఈల.

ప్రియతోష్ గుప్పిట్లోవి బెండు నగల దారాలు కావు. గొంతు తెగుతుంటే ఆ మనిషి చంపేవాడి గుండె మీద చెయ్యి వేసి చేతికి దొరికిన ఈలతాడు పీకాడు. నెత్తురంటిన ఈల జేబులో పెట్టుకుని బందోబస్తు చెయ్యడం కుదరదు గదా, కత్తితోపాటు దాన్నీ అమ్మవారి వీపులోకే తోసేశాడు. నిమజ్జనం నాడు తీసుకుందామని వీపు పట్టుకున్నాడు. ఎనిమిది జతల కళ్ల మధ్య కుదిరి ఉండదు. బురదలో కలిసిపోయిందిలే అనుకున్నాడు.

హరాధన్ ఈలను పళ్ల మధ్య, గొట్టం పక్కనే ఇరికించుకుని తాడు ఒకసారి లాగాడు, బాగానే ఉన్నానని.

జవాబు రాలేదు.

మళ్లీ లాగాడు. ఈసారి తాడే వచ్చేసింది. మెత్తగా, చుట్టలు చుట్టలుగా భుజాల మీద పడింది. కొస తడిమాడు. నున్నగా కోసి ఉంది.

మరుక్షణం చెవి పక్కనుంచి ఏదో జుయ్యిమని దూసుకొచ్చి గడ్డిలో కసుక్కున దిగింది. పడవ గెడ. లోతు నీళ్ల కోసం కేదార్ ఐదుగురి పొడవున చేయించుకున్నది, చివర ఇనపపొన్ను ఉన్నది. పైన లాహిరి బుడగలు చూసి పొడుస్తున్నాడు. గెడ ఊడింది, మళ్లీ వచ్చింది. ఈసారి ఎడమభుజంలో కండ చీల్చుకుని ఎముకకు తగిలి పక్కకు జారింది. నోట్లోంచి కేక బుడగలై పోయింది. మూడో పోటుకు గాలిగొట్టం చిరిగి నీళ్లు బొళబొళమని నోట్లోకి వచ్చాయి.

అతని తండ్రి సిలిండరు మొహం ఎరగడు. తెగిన వలల కోసం ఊపిరి బిగించి దిగేవాడు. ఎనిమిదేళ్ల హరాధన్‌ని ముంచి పట్టుకుని, తొందరపడకు, గాలి వదలకు, నీకు తెలియనంత గాలి నీలో ఉంది అని నేర్పాడు. హరాధన్ బకిల్ ఊడదీశాడు. బుసలు కొడుతున్న సిలిండరును అమ్మవారి పది చేతుల మధ్య ఇరికించాడు. బుడగలు అక్కడినుంచే పోనీ. లావుతాడు పట్టుకుని, ఒక్క బుడగ కూడా వదలకుండా, చెయ్యి మీద చెయ్యి వేస్తూ చుక్కాని వైపు పైకి పాకాడు. పనిచేసేది ఒకటిన్నర చెయ్యి. సగం దారిలో ఛాతీ మండింది. చెవుల్లో ఢాక్ మోగినట్టు గుండె కొట్టుకుంది.

తల బయటపెట్టేసరికి కేదార్ కళ్లు అతని కళ్లలో పడ్డాయి. ముసలాడి నోరు తెరుచుకుంది. ఏ కళనున్నాడో, జీవితంలో మొదటిసారి ఆ నోరు చప్పుడు చెయ్యకుండా మూసుకుంది.

అటువైపు అంచున లాహిరి ఒంటిమీద స్పృహ లేనట్టు పొడుస్తున్నాడు. ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. గెడ కొసకు గడ్డి అంటుకుని వస్తోంది. నీళ్లపైన బుడగలు పలచబడ్డాయి. ఆగిపోయాయి. లాహిరి గెడ పడేసి రొప్పుతూ వెనక్కి తిరిగాడు.

"చూశావురా మాలాకార్? నువ్వు తాడు కోసేశావు. హెడ్డు పోయాడు. బేడీ ఊడదీసుకుని దూకబోతుంటే నేను కాల్చాను. ముసలాడు సాక్షి. ఏం ముసలాడా, అంతేనా?"

కేదార్ తన చూపు గుంజ వైపు జారకుండా చూసుకున్నాడు. గదాధర్ బతిమాలలేదు. విరిగిన వేళ్లను మంచి చేత్తో గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. లాహిరి రివాల్వర్ తీసి, ముందు బేడీ తాళం చెవి కోసం జేబు తడుముకున్నాడు. బేడీతో ఉన్నవాణ్ణి కాలిస్తే కథ అతకదు.

హరాధన్ ఈలలో నీళ్లు విదిలించి, పెదవుల మధ్య పెట్టుకుని, మిగిలిన గాలంతా పెట్టి ఊదాడు.

ఆ చిల్లుపడ్డ మోత నది మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా కోసుకుంటూ పోయింది.

లాహిరి చెయ్యి చప్పున తన ఎడమజేబు మీదికి పోయింది. ఖాళీ జేబును గట్టిగా పిసికింది. అది కేదార్ చూశాడు, గదాధర్ చూశాడు. రేవులో పన్నెండు మంది కానిస్టేబుళ్లు టీ గ్లాసులు విసిరికొట్టి పడవల్లోకి దూకారు. నాలుగేళ్లుగా ఆ ఈల వినపడితే ఎందుకని అడక్కుండా పరుగెత్తడం వాళ్లకు అలవాటు. అందరికంటే ముందు బిశు తెడ్డు వేస్తున్నాడు.

"బాబూ, అది మీ ఈలే!" కేదార్ అరిచాడు. "పోయిందన్నారు గదా, గంగలోంచి మోగుతోందేమిటి?"

లాహిరి మెల్లగా తిరిగాడు. రివాల్వర్ మొన నీళ్ల మీద వెతుక్కుంటూ వచ్చి, గుంజ పక్కన తేలుతున్న తల మీద ఆగింది. మధ్యలో నాలుగు బారల దూరం. బిశు రావడానికి ఇంకా రెండు నిమిషాలు.

మునిగితే బతకొచ్చు. మునిగితే ఈల ఆగిపోతుంది, ఆ తుపాకీ గదాధర్ వైపు తిరుగుతుంది.

హరాధన్ మునగలేదు. లాహిరి కళ్లలోకి చూస్తూ రెండోసారి ఊదాడు.